ఐఆర్ఏలోకి బంగారు నాణేలు కొంటున్నారా? ఏది ఎంచుకోవాలో వరసగా చూద్దాం

కిందటేడు మా వంటింటి త్రాసు మీద రెండు బంగారు నాణేలు పెట్టి తూచాను. ఒకటి అమెరికన్ ఈగల్, 33.9 గ్రాములు చూపించింది. రెండోది అమెరికన్ బఫెలో, 31.1. సైజు రెండిటిదీ ఇంచుమించు ఒకటే. పక్కపక్కన పెడితే ఈగల్ కాస్త ఎర్రగా, మన ఇళ్ళలో గాజుల రంగులో ఉంటుంది, బఫెలో పసుపు ముద్దలా పచ్చగా ఉంటుంది. మా ఆవిడ రెండూ అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇది 916, అది 24 కేరట్, ఇంకేం ఆలోచన, 24 కేరట్‌దే కొనండి" అని తేల్చేసింది. మనవాళ్ళు చాలామంది ఇలాగే తేలుస్తారు, పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఆ రెండు నాణేల్లోనూ ఉన్న మేలిమి బంగారం ఒక్కటే, సరిగ్గా ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. ఈగల్‌లో దాని మీద గట్టిదనం కోసం కాస్త వెండి, రాగి కలిపారు, అందుకే బరువు ఎక్కువ. బంగారం తగ్గించి రాగి కలపలేదు.

ఇది అమెరికాలో ఉద్యోగం చేస్తూ, పాత కంపెనీ 401కే (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్‌మెంట్ ఖాతా)లోనో ఐఆర్ఏ (సొంతంగా తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతా)లోనో ఉన్న డబ్బులో కొంత బంగారు నాణేల్లో పెడదామనుకునే వాళ్ళకోసం రాస్తున్నాను. బంగారం కొనడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, నిజమే. కానీ రిటైర్‌మెంట్ ఖాతాలో కొనే బంగారం వేరే రకం. దాన్ని ఇంటికి తెచ్చుకోకూడదు, బీరువాలో పెట్టుకోకూడదు, అమ్మాయి పెళ్ళికి తీయాలంటే లెక్క చెప్పి, టాక్స్ కట్టి తీయాలి. మామూలుగా అయితే కంటితో చూడను కూడా చూడరు. అందుకని షాపులో కాసు కొనేటప్పుడు మనం చూసే మెరుపు, బొమ్మ, పనితనం ఇక్కడ ఎందుకూ కొరగావు. కొన్న ధరకీ, అమ్మితే వచ్చే ధరకీ మధ్య తేడా ఎంత అన్నదొక్కటే చూడాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ముందు, నాణెమే కావాలా అని మిమ్మల్ని మీరు అడగండి

ఈ ప్రశ్న దాటేసి నాణేల దగ్గరికి వెళ్ళిపోకండి. బంగారం ధర పెరిగితే లాభం రావాలి, అంతే అనుకుంటే మామూలు ఐఆర్ఏలోనే గోల్డ్ ఈటీఎఫ్ (స్టాక్ మార్కెట్లో షేరులా కొనే బంగారు ఫండు) కొనుక్కోవచ్చు. ఐఏయూ అనే ఈటీఎఫ్ ఖర్చు ఏడాదికి 0.25 శాతం, జీఎల్‌డీ అయితే 0.40 శాతం. ఇరవై వేల డాలర్ల మీద మొదటిదానికి ఏటా 50 డాలర్లు. అదే ఇరవై వేలకు నాణేలు కొంటే కస్టోడియన్ (ఖాతా నిర్వహించే సంస్థ) ఫీజు, దాచినందుకు ఫీజు కలిపి ఏటా రెండు మూడు వందల డాలర్లు పోవడం మామూలు. ఈ ఫీజులు చాలాచోట్ల ఖాతా ఎంత చిన్నదైనా ఒకటే రేటు, కాబట్టి చిన్న మొత్తాలకి ఇది దండగ. "నాకు పేరు మీద కాగితం కాదు, ఎక్కడో ఒక గదిలో నిజంగా నాణెం ఉండాలి, కావాలంటే ఒకరోజు ఆ నాణెమే చేతికి రావాలి" అనుకునే వాళ్ళకే ఈ దారి. నేనా రకం మనిషినే, దాచుకోను. అయినా మొత్తం రిటైర్‌మెంట్ డబ్బులో పదో వంతు మించనివ్వను. అది నా లెక్క, మీది మీ ఇష్టం.

డబ్బు ఏ దారిలో తేవాలి

నాణేలు పట్టే ఖాతాని సెల్ఫ్ డైరెక్టెడ్ ఐఆర్ఏ అంటారు. మనం స్టాకులు కొనే బ్రోకరేజీలు చాలావరకు నాణేలు ముట్టుకోవు, విడిగా కస్టోడియన్ దగ్గర తెరవాలి. కొత్తగా డబ్బు వేసే పరిమితి మామూలు ఐఆర్ఏకి ఉన్నదే, 2025కి అది 7,000 డాలర్లు, యాభై నిండితే 8,000 ఉండేది. దాంతో ఒకటి రెండు నాణేలకి మించి రావు, అందుకే ఎక్కువమంది పాత కంపెనీ 401కే నుంచి తెస్తారు. ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీ 401కే మామూలుగా కదలనివ్వరు, మానేసిన కంపెనీదైతే ఇబ్బంది లేదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: డబ్బు మీ చేతికి రాకూడదు. "డైరెక్ట్ రోలోవర్" అని అడిగితే పాత ఖాతా వాళ్ళు కొత్త కస్టోడియన్ పేరు మీదే పంపిస్తారు. అలా కాకుండా చెక్ మీ పేరు మీద తీసుకున్నారనుకోండి, 401కే వాళ్ళు 20 శాతం టాక్స్ కింద పట్టుకుని మిగతాది ఇస్తారు. యాభై వేలకి నలభై వేలే వస్తుంది. ఆ పోయిన పది వేలు మీ జేబులోంచి కలిపి 60 రోజుల్లో కొత్త ఖాతాలో వేయాలి, లేకపోతే ఆ పది వేలు మీరు వాడుకున్నట్టే లెక్క. టాక్స్ పడుతుంది, 59 సంవత్సరాల ఆరు నెలలు నిండకపోతే మామూలుగా పైన ఇంకో 10 శాతం జరిమానా.

"మా దగ్గర ఇప్పటికే బంగారం ఉంది కదా, అదే ఖాతాలో వేస్తే?" అని ఒకాయన అడిగారు. కుదరదు. ఐఆర్ఏలో ఏటా కొత్తగా వేసేది డబ్బు రూపంలోనే వేయాలి. మీ నాణేలు మీ ఐఆర్ఏకే అమ్మడం కూడా నిషేధమే. 2015లో వచ్చిన అశోక చక్రం ముద్ర ఉన్న ఇండియన్ గోల్డ్ కాయిన్ కావచ్చు, అమ్మమ్మ ఇచ్చిన జార్జి రాజు కాసు కావచ్చు, అవి బీరువాలోనే ఉండాలి.

చెల్లని నాణేలు కొట్టేయండి

అమెరికా చట్టంలో ఐఆర్ఏ డబ్బుతో "కలెక్టిబుల్స్" కొనకూడదు. కళాఖండాలు, తివాచీలు, పాత వైన్ సీసాలతో పాటు నాణేలనూ ఆ జాబితాలోనే చేర్చారు. కొంటే ఆ డబ్బు ఖాతాలోంచి తీసేసినట్టే లెక్క కట్టి టాక్స్ వేస్తారు. బంగారు నాణేలకి ముఖ్యంగా రెండు మినహాయింపులు ఉన్నాయి. ఒకటి, అమెరికన్ ఈగల్‌కి చట్టంలోనే విడిగా ఇచ్చినది. రెండోది, 1997లో వచ్చిన మార్పు: కనీసం 995 స్వచ్ఛత (వెయ్యి వంతుల్లో 995 మేలిమి) ఉన్న బంగారం, ట్రస్టీ (కస్టోడియన్ లాంటి సంస్థ) ఆధీనంలో ఉంటే పర్వాలేదు. మిగతా నాణేలన్నీ ఈ రెండో గుమ్మంలోంచే లోపలికి రావాలి.

అందుకే ఒక వింత జరుగుతుంది. దక్షిణాఫ్రికా క్రూగరాండ్ 1967 నుంచీ ఉంది, పెట్టుబడి నాణేలకి పెద్దన్న లాంటిది. ఈగల్ లాగే 22 కేరట్, అందులోనూ సరిగ్గా ఒక ఔన్సు మేలిమి. అయినా ఐఆర్ఏలోకి రాదు, ఎందుకంటే 995 లేదు, చట్టంలో పేరూ లేదు. ఈగల్‌కీ 995 లేదు కానీ చట్టంలో చోటుంది. ఇంటి పిల్లకి ఒక రూలు, పక్కింటి పిల్లకి ఇంకోటి అన్నమాట. 1985లో దక్షిణాఫ్రికా జాతి వివక్ష పాలన కారణంగా అమెరికా క్రూగరాండ్ దిగుమతులు నిషేధించింది, అదే ఏడాది డిసెంబరులో సొంత బంగారు నాణేనికి చట్టం చేసింది, 1986లో ఈగల్ వచ్చింది. ఆ చరిత్రంతా తెలియక, ధర కాస్త తక్కువగా ఉందని క్రూగరాండ్ అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సొంత డబ్బుతో ఇంట్లో పెట్టుకోవడానికైతే భేషైన నాణెం. ఈ ఖాతాకి మాత్రం వద్దు.

ఇదే కారణంతో బ్రిటిష్ సావరిన్ పోయింది. మన ఎనిమిది గ్రాముల కాసుకి దగ్గరి చుట్టం అదే, 7.98 గ్రాములు, 22 కేరట్. 1933కి ముందు అమెరికా కొట్టిన పాత బంగారు డాలర్లు 90 శాతమే, అవీ పోయాయి. బ్రిటానియా దగ్గర మాత్రం జాగ్రత్త: 2012 వరకు వచ్చినవి 22 కేరట్, చెల్లవు. 2013 నుంచి వచ్చేవి 9999 (పదివేల వంతుల్లో 9,999 మేలిమి), చెల్లుతాయి. పేరు అదే, నాణెం మీద సంవత్సరం చూసుకోవాలి.

మిగిలిన వాటిలో ఏది?

వడపోశాక చేతిలో ఉండేవి ఇవి: అమెరికన్ ఈగల్, అమెరికన్ బఫెలో, కెనడా మేపుల్ లీఫ్, ఆస్ట్రియా ఫిల్‌హార్మోనిక్, ఆస్ట్రేలియా కంగారూ, కొత్త బ్రిటానియా. చైనా పాండా కూడా స్వచ్ఛతలో సరిపోతుంది కానీ 2016 నుంచి అది ఔన్సు కాదు, 30 గ్రాములు, పైగా ప్రతి ఏడాదీ బొమ్మ మారుస్తారు కాబట్టి సేకరించేవాళ్ళ మోజు ధరలో కలుస్తుంది. ఈ పనికి దాన్ని పక్కన పెట్టేయండి.

ఈగల్ గురించి ముందు. అమెరికాలో అమ్మడానికి దీనంత సులువైన బంగారు నాణెం లేదు. ఏ ఊళ్ళో నాణేల షాపుకి వెళ్ళినా గుర్తుపడతారు, ధర చెప్పడానికి ఆలోచించరు. గట్టిది, గీతలు అంత తొందరగా పడవు. ఒక ఔన్సు, అర, పావు, పదో వంతు, నాలుగు సైజుల్లో దొరుకుతుంది. 2021లో వెనకవైపు బొమ్మ మార్చారు, గద్దల కుటుంబం పోయి గద్ద తల వచ్చింది. పాతదైనా కొత్తదైనా బంగారం ఒకటే, ఏ సంవత్సరం ఉంటే ఏం. నిజానికి "ఏ సంవత్సరమైనా సరే" అని ఆర్డర్ ఇస్తే తరచుగా కొన్ని డాలర్లు తగ్గుతుంది. దీని లోపం ఒక్కటే, ధర మిగతావాటికంటే కాస్త ఎక్కువ. కానీ అమ్మేటప్పుడు ఆ ఎక్కువలో కొంత తిరిగొస్తుంది.

బఫెలో 2006లో వచ్చింది, అమెరికా టంకశాల పెట్టుబడి కోసం కొట్టిన మొదటి 24 కేరట్ నాణెం, 9999. 1913 నాటి ఐదు సెంట్ల బిళ్ళ మీది బొమ్మే, ఒకవైపు ఆదివాసీ ముఖం, ఇంకోవైపు అడవిదున్న. అందంలో నా ఓటు దీనికే. కానీ మెత్తటి బంగారం, వేలితో గట్టిగా రుద్దడానికి కూడా మనసొప్పదు. ఖాతాలో ఉన్నంతకాలం డిపాజిటరీ (నాణేలు దాచే ఖజానా)లోనే ఉంటుంది కాబట్టి గీతల భయం లేదనుకోండి. ధర ఈగల్‌తో సమానంగానో అటూ ఇటూగానో ఉంటుంది, కొనే రోజున రెండూ అడిగి ఏది తక్కువైతే అది తీసుకోండి.

మేపుల్ లీఫ్ 1979 నుంచి ఉంది, 1982 నుంచి 9999. అమెరికాలో ఈగల్ తర్వాత ఎక్కువగా చేతులు మారేది ఇదే, ధర తరచుగా ఈగల్ కంటే తక్కువ. నా అభిప్రాయంలో అసలు పోటీ ఈగల్‌కీ మేపుల్‌కీ మధ్యే. ఫిల్‌హార్మోనిక్, కంగారూ మంచివే, కొన్ని రోజుల్లో వాటి ధర ఇంకా తక్కువ దొరుకుతుంది, కానీ తిరిగి అమ్మేటప్పుడు చిన్న డీలర్లు కాస్త తగ్గించి అడగొచ్చు. ఈ నాలుగైదింట్లో ఏది కొన్నా నష్టపోరు. నష్టం జరిగేది రకంలో కాదు, కింద చెప్పబోయే రెండు విషయాల్లో.

సైజు, ప్రీమియం: అసలు లెక్క ఇదే

మన షాపుల్లో నగ కొంటే బంగారం రేటు మీద తరుగు, మజూరీ వేస్తారు కదా. ఇక్కడ దాని పేరు ప్రీమియం. ఆ రోజు మార్కెట్ ధర, దాన్ని స్పాట్ అంటారు, దాని మీద టంకశాల ఖర్చు, డీలర్ లాభం కలిపి ఎంత ఎక్కువ తీసుకుంటున్నాడో అది. నగల మీద తరుగు ఎలా తిరిగిరాదో, ప్రీమియంలో ఎక్కువ భాగం అలాగే తిరిగిరాదు.

లెక్క సులువుగా ఉండడానికి స్పాట్ ఔన్సుకి 4,000 డాలర్లు అనుకుందాం. ఒక ఔన్సు ఈగల్ 4,160కి ఇస్తున్నారు, అంటే నాలుగు శాతం. అదే డీలర్ పదో వంతు ఈగల్ 460కి ఇస్తున్నాడు. అందులో బంగారం విలువ 400, మరి 60 దేనికి? నాణెం చిన్నదైనా అచ్చు వేసే పని ఒకటే కాబట్టి. చిన్నవి పది కలిపి ఒక ఔన్సు చేస్తే 4,600. పెద్దదానికంటే 440 డాలర్లు ఎక్కువ, బంగారం మాత్రం వీసమెత్తు ఎక్కువ లేదు. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, మీరు కొనే రోజున మారతాయి, కానీ చిన్న నాణేనికి ప్రీమియం శాతం ఎక్కువ అన్నది ఎప్పుడూ మారదు.

"మరి చిన్నవి ఉంటే తర్వాత కొద్దికొద్దిగా తీసుకోవచ్చు కదా, ఆర్‌ఎండీకి పనికొస్తాయి" అని డీలర్లు చెప్తారు. ఆర్‌ఎండీ అంటే ఒక వయసు దాటాక ఏటా తప్పనిసరిగా ఖాతాలోంచి తీయాల్సిన మొత్తం. ఇప్పుడా వయసు 73, 1960లోనో ఆ తర్వాతో పుట్టినవాళ్ళకి 75. మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ మీకు బంగారంతో పాటు ఇంకో ట్రెడిషనల్ ఐఆర్ఏ (తీసేటప్పుడు పన్ను కట్టే రకం) ఉంటే, అన్ని ఐఆర్ఏల ఆర్‌ఎండీ కలిపి ఆ ఒక్కదాంట్లోంచే తీయవచ్చు. బంగారం కదిలించక్కర్లేదు. రాథ్ ఐఆర్ఏ (ముందే పన్ను కట్టిన డబ్బు వేసే రకం) అయితే మీరు బతికున్నంతకాలం ఆర్‌ఎండీయే లేదు. మొత్తం ఐఆర్ఏ డబ్బంతా బంగారంలోనే ఉన్నవాళ్ళకి మాత్రం కొన్ని పావు ఔన్సులు ఉంచుకోవడంలో అర్థం ఉంది. మిగతా అందరికీ ఒక ఔన్సు నాణేలే. పదో వంతువి ఎవరికీ వద్దు.

ఫోన్లో తియ్యగా మాట్లాడే మనిషి

మా బావగారి కథ చెప్పాలి. రెండేళ్ళ కింద ఆయనకి ఒక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, ఎక్కడో ఆన్‌లైన్లో "ఉచిత గైడ్" కోసం నంబరిచ్చారట. అవతలి మనిషి వారం రోజులు రోజూ ఫోన్ చేసి క్షేమసమాచారాలు అడిగాడు, దీపావళి శుభాకాంక్షలు కూడా చెప్పాడు. చివరికి మామూలు ఈగల్స్ కాదు, ప్రూఫ్ ఈగల్స్ అంటగట్టాడు. "ఇవి తక్కువగా కొడతారు సార్, బంగారం పడిపోయినా వీటి విలువ పడదు" అన్నాడట. నీలం మఖమల్ పెట్టె, సర్టిఫికెట్ ఫోటోలు పంపాడు. నలభై వేల డాలర్లకి పైగా పెట్టారు బావగారు. నెల తర్వాత అనుమానమొచ్చి, తిరిగి అమ్మితే ఎంతిస్తారని అదే కంపెనీని అడిగితే మూడో వంతు తక్కువ చెప్పారు. బంగారం ధర ఆ నెలలో పడలేదు, కాస్త పెరిగింది కూడా. ఆ ఇంట్లో ఆ సంగతి ఇప్పటికీ గట్టిగా ఎత్తకూడదు, మా అక్క మొహం మారిపోతుంది.

ప్రూఫ్ అంటే అద్దంలా మెరిసేలా విడిగా కొట్టిన నాణెం. ప్రూఫ్ ఈగల్ ఐఆర్ఏలో చెల్లుతుంది, టంకశాల ఇచ్చిన పెట్టె, సర్టిఫికెట్ చెక్కుచెదరకుండా ఉండాలని కస్టోడియన్లు అడుగుతారు. చెల్లడం వేరు, కొనాల్సినది కావడం వేరు. మీరు చూడని, ముట్టుకోని నాణేనికి ఆ మెరుపు ఎవరికోసం? పైన వేసుకున్న లెక్కే తీసుకుంటే, 41,600 డాలర్లకి మామూలు ఈగల్స్ పది వస్తాయి. ప్రూఫ్ ఒక్కోటి 5,200 చెప్తే ఎనిమిదే వస్తాయి. రెండు ఔన్సులు తక్కువ, అంటే మన లెక్కలో ఎనిమిది కాసులకి కాస్త తక్కువ, తెలంగాణ లెక్కలో ఆరు తులాల పైన. మెరుపు కోసం ఆరు తులాలు ఎవరైనా వదులుకుంటారా?

ఇదేదో మా ఇంట్లో మాత్రమే జరిగింది కాదు. 2020లో సీఎఫ్‌టీసీ అనే ఫెడరల్ సంస్థ, 30 రాష్ట్రాలు కలిసి ఒక కంపెనీ మీద కేసు వేశాయి, ముసలివాళ్ళ రిటైర్‌మెంట్ డబ్బుతో ఎక్కువ ధరకి బంగారం, వెండి అంటగట్టారని. ఆరోపణల్లో ఉన్న మొత్తం 185 మిలియన్ డాలర్లు. కాబట్టి "లిమిటెడ్", "ఎక్స్‌క్లూజివ్", "మా దగ్గర మాత్రమే దొరుకుతుంది" అన్న మాట వినిపించగానే ఫోన్ పెట్టేయండి, మర్యాదకి పోవద్దు. "ఉచితంగా వెండి ఇస్తాం" అన్నా అంతే, ఆ వెండి ఖరీదు మీ బంగారం ధరలోనే ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాలో గ్రేడ్ వేసి సీలు చేసిన నాణేలు కూడా వద్దు, చాలామంది కస్టోడియన్లు తీసుకోరు.

కొనేముందు ముగ్గురు డీలర్లని ఒకే రోజు, వీలైతే ఒకే గంటలో ఇవే మూడు అడగండి: ఈ నిమిషంలో స్పాట్ ఎంత, ఈ నాణెం నాకు ఎంతకిస్తారు, ఇదే నాణెం ఇప్పుడే నేను మీకు అమ్మితే ఎంతిస్తారు. మూడోది అడగగానే నీళ్ళు నమిలాడంటే ఆ డీలర్ పేరు కొట్టేయొచ్చు. చెప్పిన అంకెలు ఈమెయిల్లో పంపమనండి. రెండో అంకెలోంచి మూడోది తీసేస్తే వచ్చే తేడా ఏ నాణేనికి తక్కువో అదే మీ నాణెం, ఈగలా మేపులా అన్న వాదన అక్కడితో అయిపోతుంది.

కొనే రోజు, దాచే చోటు

బంగారు పళ్ళేనికైనా గోడ చేర్పు కావాలంటారు. ఇక్కడ ఆ గోడ కస్టోడియన్. ధర మీరు డీలర్‌తో ఖాయం చేసుకున్నా డబ్బు మీరు పంపరు. ఫలానా నాణేలు, ఇన్ని, ఈ ధరకి ఈ డీలర్ దగ్గర కొనమని కస్టోడియన్‌కి ఒక ఫారం ఇస్తారు, వాళ్ళు డబ్బు పంపుతారు, డీలర్ నాణేలు నేరుగా డిపాజిటరీకి పంపుతాడు. డబ్బు కొత్త ఖాతాలో పడేవరకు ధర ఖాయం చేసుకోకండి, రోలోవర్‌కి వారాలు పట్టొచ్చు. ఫారంలో నాణెం పేరు పూర్తిగా రాయండి, "గోల్డ్ ఈగల్" అని వదిలేస్తే మామూలుదా ప్రూఫా అన్న తకరారు వస్తుంది.

దాచడంలో రెండు పద్ధతులు. మీ నాణేలు విడిగా మీ పేరుతో పెట్టడం ఒకటి, అదే రకం నాణేలతో కలిపి పెట్టి అంతే సంఖ్య మీకు లెక్క చూపించడం ఇంకోటి. రెండోది చవక. మామూలు ఒక ఔన్సు నాణేలకి నేను రెండోదే ఎంచుకున్నాను, ఏ ఈగలైనా ఈగలే కదా.

"ఇంట్లోనే పెట్టుకునే గోల్డ్ ఐఆర్ఏ" అని ప్రకటనలు కనిపిస్తాయి. మీ పేరున ఒక ఎల్‌ఎల్‌సీ (చిన్న సొంత కంపెనీ) పెట్టి, దాని పేరు మీద నాణేలు కొని ఇంట్లో దాచుకోవచ్చంటారు. 2021 నవంబరులో టాక్స్ కోర్టు ముందుకి సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. ఒకావిడ నాలుగు లక్షల డాలర్ల పైచిలుకు విలువైన ఈగల్స్ ఇలాగే ఇంట్లో దాచుకున్నారు. నాణేలు ఆవిడ చేతికొచ్చిన రోజే ఖాతాలోంచి తీసేసుకున్నట్టు అని కోర్టు తేల్చింది, టాక్స్, జరిమానా పడ్డాయి. నాణెం ఈగల్ అయినా ఇంట్లో పెట్టుకుంటే కాపాడలేదు.

బయటికి తీసేటప్పుడు

రెండు దారులు. నాణేలు అమ్మించి డబ్బు తీసుకోవచ్చు, లేదా నాణేలే ఇంటికి తెప్పించుకోవచ్చు. ట్రెడిషనల్ ఖాతా అయితే ఎలా తీసినా ఆ రోజు మార్కెట్ విలువ మీద మామూలు ఆదాయపు పన్ను కట్టాలి. ఈగల్ మీద 50 డాలర్లని ముద్ర ఉంటుంది, "యాభై డాలర్ల నాణెమేగా" అని లెక్క చూపిద్దామని సరదాగా అన్నవాళ్ళున్నారు, సరదాకే.

ఇండియాకి తిరిగి వెళ్ళిపోయే ఆలోచన ఉంటే నాణేలు వెంట తీసుకెళ్ళే ప్లాన్ వేసుకోకండి. విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి కస్టమ్స్ ఇచ్చే ఉచిత పరిమితి నగలకే, నాణేలకి వర్తించదు, శంషాబాద్‌లో దిగగానే డ్యూటీ కట్టాలి. అలాంటివాళ్ళు అమెరికాలో వెంటనే అమ్ముడయ్యే ఒక ఔన్సు ఈగల్స్ తప్ప ఇంకేదీ కొనకపోవడమే మేలు. అమెరికా టాక్స్, ఇండియా టాక్స్ రెండూ తెలిసిన సీఏని ప్రయాణానికి ఏడాది ముందే కలవండి, టికెట్లు కొన్నాక కాదు.

ఖాతా తెరిచిన రోజే బెనిఫిషియరీ ఫారం (మీ తర్వాత ఖాతా ఎవరికి వెళ్ళాలో రాసేది) నింపండి. డిపాజిటరీకి నాణేలు చేరాక కస్టోడియన్ పంపే స్టేట్‌మెంట్‌లో నాణెం పేరు, ఎన్ని, ఏ సైజు అన్నది కొన్న రసీదుతో పోల్చి చూసుకుని, ఆ కాగితం, కస్టోడియన్ ఫోన్ నంబరు ఇంట్లోవాళ్ళకి తెలిసే చోట పెట్టండి. మా ఇంట్లో అది బీరువాలో, మా అమ్మ ఇచ్చిన కాసులపేరు డబ్బా కింద ఉంది. మా ఆవిడ దాని మీద పెన్సిల్‌తో "916వి" అని రాసుకుంది.